పాత 8 అడుగుల డిష్‌కి మళ్లీ చూపు తెప్పించాలి – చేసినవాళ్లు చెప్పండి

గోదారిగట్టు · జనవరి 18

అందరికీ నమస్కారం. మా మావయ్య కోనసీమలో ఇరవయ్యేళ్లకు పైగా కేబుల్ నడిపారు. కేబుల్ డిజిటల్ అయ్యాక పెద్ద ఆపరేటర్ దగ్గర్నుంచి లైన్ తీసుకోవడంతో మేడ మీద డిష్‌లన్నీ మూలపడ్డాయి. 12 అడుగులవి రెండూ ఎప్పుడో తూకానికి వెళ్లిపోయాయి. మిగిలింది ఒక్కటే, 8 అడుగుల అల్యూమినియం మెష్‌ది. మొన్న సంక్రాంతికి వెళ్తే "దీన్ని కూడా పాతసామాన్లవాడికి వేసేస్తున్నాన్రా" అన్నారు. నాకు మనసొప్పలేదు. చిన్నప్పుడు సెలవులన్నీ దాని నీడలోనే ఆడుకున్నాం. నాలుగు పలకలూ విడదీసి ట్రాలీ ఆటోలో రాజమండ్రి తెచ్చేశాను.

పరిస్థితి ఇదీ: ఒక పలకకి అరచెయ్యంత మెష్ చిరిగింది. ఇనుప బోల్టులన్నీ తుప్పు. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు నిలబడి సిగ్నల్ అందుకునే డబ్బా) పని చెయ్యడం లేదు, దాని మూతిలో కందిరీగలు మట్టిగూడు కట్టాయి. పే చానెళ్ల జోలికి పోను, సి-బ్యాండ్‌లో (ఇలాంటి పెద్ద డిష్‌లు పట్టే తరంగాలు) ఉచితంగా వచ్చేవి చూస్తే చాలు. చిరుగుకి కోళ్ల మెష్ వేయొచ్చా? రంగు ఏది కొట్టాలి? ముందు ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతకేబుల్ · జనవరి 18

తమ్ముడూ, రంగు సంగతి ఆఖరున చూద్దాం. ముందు వంపు చూడు. డిష్‌కి ప్రాణం దాని వంపే. ఎంత తుప్పు పట్టినా వంపు సరిగ్గా ఉంటే సిగ్నల్ వస్తుంది, నిగనిగలాడుతున్నా అంచు మెలిపడితే రాదు.

పలకలు బిగించి, వెల్లకిలా నేల మీద పెట్టు. ఈ అంచు నుంచి ఆ అంచుకి సన్నటి నైలాన్ తాడు బిగువుగా కట్టు. దానికి అడ్డంగా, ప్లస్ గుర్తులాగా, ఇంకో తాడు. నడిమధ్య రెండు తాళ్లూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. మధ్యలో సందు కనబడితే అంచు మెలితిరిగినట్టే. ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. పై తాడు కింది తాడు మీద ఒత్తుకుంటూ ఉంటే తాకింది కదా అనుకుంటారు. అప్పుడు పై తాడుని విప్పి కిందనుంచి పోనిచ్చి మళ్లీ కట్టి చూడు. ఒత్తిడి వెనక దాగిన సందు అప్పుడు బయటపడుతుంది. ఒక సెంటీమీటరు సందు కూడా నేను ఒప్పుకోను. సి-బ్యాండ్ తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లే, అందులో సెంటీమీటరు తేడా అంటే చిన్నదేం కాదు.

మేం 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఆసియాశాట్-1 ఉపగ్రహాన్ని పట్టే రోజుల్లో అనలాగ్ కాబట్టి డిష్ కొంచెం అటూ ఇటూ అయినా బొమ్మలో చుక్కలు పడేవి, అవి తగ్గేదాకా జరుపుకుంటూ పోయేవాళ్లం. డిజిటల్‌లో ఆ దయ లేదు. ఉంటే ఉంటుంది, లేకపోతే నల్లటి తెరే. అందుకే వంపు దగ్గర రాజీపడకు.

పాలమూరు_పొలం · జనవరి 19

అన్నా, కోళ్ల జాలి ఎయ్యకు. మా పెద్దనాయన జెప్తుండె, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అని టీవీ కార్యక్రమం నడిచినప్పుడు మా పక్కూరి బడికాడ 10 అడుగుల గొడుగు కోళ్ల జాలితోటే కట్టిండ్రట. ఆంధ్రప్రదేశ్‌తోటి కలిపి 6 రాష్ట్రాలల్ల సుమారు 2,400 ఊళ్లకు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం నుంచి బొమ్మ వచ్చింది. అది 860 మెగాహెర్ట్జ్. తరంగమే 35 సెంటీమీటర్లు ఉంటది, కాబట్టి అంత పెద్ద బొక్కలున్నా నడిచింది. నీది 4 గిగాహెర్ట్జ్ దగ్గరి పని. బొక్క తరంగంల పదో వంతు దాటొద్దు, అంటే 7 మిల్లీమీటర్ల లోపు. పెన్సిల్ దూరిందంటే ఆ జాలి వద్దు.

కిటికీలకు ఏసే దోమల జాలి దొరుకుతది గదా, అల్యూమినియందే అడుగు, నైలాన్‌ది కాదు. చిరుగు కన్న నాలుగు దిక్కులా మూడు వేళ్ల ఎడల్పు ఎక్కువ కోసి, వెనక నుంచి పెట్టి సన్నటి అల్యూమినియం తీగతోటి కుట్టు. ముందుకు ఉబ్బకుండ చూస్కో. మా డిష్‌కు రెండు అతుకులున్నయ్, నాలుగు వానకాలాలు చూసినయ్.

సాగరతీరం · జనవరి 19

వైజాగ్ నుంచి. బోల్టుల గురించి ఒక మాట. అల్యూమినియం పలకకి ఇనుప బోల్టు వేస్తే ఉప్పుగాలికి బోల్టు చుట్టూ అల్యూమినియం తినేసుకుపోతుంది. బోల్టు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అదే. పాత బోల్టులకి రాత్రి కిరసనాయిలో డబ్ల్యూడీ-40యో పట్టించి వదిలేసి, పొద్దున పానా వేయండి. బలవంతంగా తిప్పితే పలక చెవులు విరుగుతాయి. కొత్తగా స్టెయిన్‌లెస్ వేసి, మధ్యలో నైలాన్ వాషరు, మరకి కొంచెం గ్రీజు పెట్టండి.

గాలి సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మాది 6 అడుగుల డిష్. మెష్ కదా, గాలి దాటిపోతుందిలే అనుకున్నా. పెద్ద గాలికి మెష్ కూడా తెరచాపే. పైపు అడుగు దగ్గర వంగిపోయింది. ఇప్పుడు తుఫాను హెచ్చరిక వస్తే చాలు, క్లాంపు వదులు చేసి డిష్‌ని నిట్టనిలువుగా ఆకాశం వైపు తిప్పి, మూడు వైపులా తాళ్లు కట్టేస్తా. మళ్లీ పెట్టుకోవడానికి పైపు మీద పెయింటుతో గీత గీసి ఉంచుకున్నా.

గోదారిగట్టు · జనవరి 27

పాతకేబుల్ గారూ, తాడు పరీక్ష చేశాను. మొదటిసారి తాకినట్టే ఉంది. మీరు చెప్పినట్టు కింద నుంచి పోనిచ్చి కట్టేసరికి రెండు సెంటీమీటర్ల సందు! మూడో పలక వెనక కమ్మీ వంగి ఉంది, ట్రాలీలోనే వంగిందో అంతకుముందే ఉందో. కమ్మీ విప్పి చెక్క దుంగ మీద పెట్టి సుత్తితో కొద్దికొద్దిగా సరిచేశాను, రెండు చోట్ల వాషర్లు ఎక్కించాను. ఇప్పుడు తాళ్లు ముద్దు పెట్టుకున్నట్టున్నాయి.

దోమల జాలి కుట్టు మా అమ్మ వేసింది. నా చేతికన్నా ఆమె చేతి కుట్టు నయం.

ఇంకో సందేహం. ఎల్‌ఎన్‌బీ ఎంత ఎత్తులో ఉండాలి? దాన్ని పట్టుకునే పాత కాళ్లు నిలబెడితే డిష్ మధ్య నుంచి దాని మూతి దాకా 84 సెం.మీ. వస్తోంది.

పాతకేబుల్ · జనవరి 27

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఆ అతుకే అన్నిటికన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

ఎత్తు లెక్క: అంచు నుంచి అంచుకి కొలత, దాన్ని దానితోనే గుణించు. లోతుని 16తో గుణించు. మొదటిదాన్ని రెండోదానితో భాగించు. లోతు అంటే అంచున కట్టిన తాడు నుంచి నడుమ దాకా.

గోదారిగట్టు · జనవరి 27

వెడల్పు 240, లోతు 40. 57,600ని 640తో భాగిస్తే 90 సెం.మీ. అంటే ఆరు సెంటీమీటర్లు తక్కువలో ఉందన్నమాట! ఈ కాళ్లు వేరే డిష్‌వి అయ్యుండాలి.

పాతకేబుల్ · జనవరి 28

అంతే. కాళ్లు మారిపోయి ఉంటాయి, మాలో అది మామూలే. ఆ 90ని 240తో భాగిస్తే 0.375. కొత్త ఎల్‌ఎన్‌బీ మెడ మీద 0.36, 0.38, 0.40 అని గీతలుంటాయి, స్కేలార్ రింగుని (మూతి చుట్టూ ఉండే వలయాల పళ్లెం) 0.38 దగ్గర బిగించు. 90 అన్నది మూతి అంచుకి కాదు, మూతి లోపలికి అర సెంటీమీటరు దగ్గరికి.

పైపు పాతేటప్పుడు మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి రెండు వైపులా చూడు. పైపు నిలువులో తేడా ఉంటే ఆ తర్వాత నువ్వు చేసేదంతా వంకరే.

కూకట్‌పల్లి_డాబా · ఫిబ్రవరి 2

ఎల్‌ఎన్‌బీ కొనేముందు ఇది చదవండి. మా నాన్నగారి డిష్‌ని నేనే చూసుకుంటాను. 2023లో ఒక వారంలో చానెళ్లన్నీ ఒక్కొక్కటే పోయాయి. రిసీవర్‌లో సిగ్నల్ స్ట్రెంత్ నిండుగా చూపిస్తుంది, క్వాలిటీ సున్నా. కేబుల్ మార్చా, రిసీవర్ మార్చా, ఎల్‌ఎన్‌బీ మార్చా. ఫలితం లేదు. చివరికి చూస్తే వెనక వీధిలో కొత్త 5జీ టవరు. 2022 వేలంలో 5జీకి ఇచ్చిన బ్యాండు 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్. పాత ఎల్‌ఎన్‌బీలు 3400 నుంచి 4200 దాకా అన్నీ వింటాయి. పక్కనే టవరు అరుస్తుంటే 36 వేల కిలోమీటర్ల నుంచి వచ్చే గొంతు వాటికి ఎలా వినబడుతుంది?

3700 నుంచి 4200 దాకా మాత్రమే తీసుకునే, 5జీ ఫిల్టరు ఉన్న ఎల్‌ఎన్‌బీ వేశాను. సగం చానెళ్లు వచ్చాయి. మిగతా సగానికి డిష్‌నే మేడ మీద నుంచి దించి పెరట్లో, గోడ వెనక పెట్టించాను. చుట్టుపక్కల వాళ్లంతా కింద పెడితే సిగ్నల్ ఎలా వస్తుందన్నారు. మనం దక్షిణాదిన ఉన్నాం కదా, ఉపగ్రహాలు నెత్తిమీదికి ఉంటాయి. హైదరాబాదు నుంచి 93.5 డిగ్రీల ఉపగ్రహం 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆకాశం కనబడితే చాలు. టవరుకి మాత్రం మా గోడ అడ్డం. ఇప్పుడు అన్నీ వస్తున్నాయి. మేడ ఎక్కడం దిగడం లేదు కాబట్టి నాన్నగారే గుడ్డ పెట్టి తుడుచుకుంటున్నారు.

గోదారిగట్టు · ఫిబ్రవరి 2

అక్కా, ఇది నాకు తట్టనే లేదు. మాకు కూడా పెరడు ఉంది. పైపు అక్కడే పాతిస్తాను.

అనంతపురం_ఎండ · ఫిబ్రవరి 5

రంగు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మాది రేకు డిష్, మెష్ కాదు. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన మెరిసే సిల్వర్ పెయింటు వేసినా. అద్దంలా వచ్చింది, ఊరంతా చూసి మెచ్చుకున్నారు. అక్టోబరు మొదటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ప్లాస్టిక్ కాలిన వాసన. పైకి పోయి చూస్తే ఎల్‌ఎన్‌బీ మూత కరిగి జారిపోతా ఉండాది. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, అప్పుడు మెరిసే డిష్ ఎండనంతా తెచ్చి ఎల్‌ఎన్‌బీ మూతి మీదే పోస్తుంది. రేకు డిష్ ఉన్నోళ్లు మెరుపు లేని బూడిదరంగే వేయండి. మెష్‌కి ఈ భయం తక్కువ.

ఇంకొకటి, మన దగ్గర డిష్ దాదాపు వెల్లకిలా పడుకుంటుంది కదా, రేకు డిష్‌లో వాననీళ్లు, వేపాకులు నిలుస్తాయి. అడుగున 6 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి పెట్టుకోండి.

గోదారిగట్టు · ఫిబ్రవరి 23

వచ్చింది! 93.5 డిగ్రీల జీశాట్-17, దూరదర్శన్ చానెళ్లు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే సాయంత్రం ఐదున్నరకి.

ఎక్కడ ఆగిపోయానో చెప్తాను, ఇంకొకరికి పనికొస్తుంది. మొదటి గంట రిసీవర్‌లో ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ దగ్గర కేయూ బ్యాండు (చిన్న డిష్‌లది) లెక్క 9750, 10600 అలాగే వదిలేశాను. సి-బ్యాండ్‌కి 5150 పెట్టాలి. అది మార్చాక 66 డిగ్రీల ఎత్తు, ఆగ్నేయం వైపు 145 డిగ్రీల దిక్కు పెట్టి వేలెడంత జరపడం, పదిదాకా లెక్కపెట్టడం, మళ్లీ జరపడం. క్వాలిటీ 22 దగ్గర మెరిసి పోయింది. వెనక్కి తిప్పితే 41. అక్కడ ఎల్‌ఎన్‌బీని ఉన్నచోటే మెల్లగా తిప్పాను. మా ఊరికి 34 డిగ్రీల దాకా ఏటవాలు పెట్టాలి, నేను నిటారుగా పెట్టుకున్నాను. తిప్పేకొద్దీ 50, 58, 67. ఆ అంకె పెరుగుతుంటే చెయ్యి వణికింది. మావయ్యకి వీడియో కాల్ చేసి చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మూడో పలక చెవి పగిలింది ఉండాలే, చూసుకున్నావా?" అన్నారు. ఇన్నేళ్లయినా గుర్తుంది ఆయనకి.

సాగరతీరం · ఫిబ్రవరి 23

అభినందనలు! కేబుల్‌ని ఎల్‌ఎన్‌బీ దగ్గర బిగించే ముందు కిందికి ఒక చుట్టు వేలాడేలా వదలండి, వాన నీళ్లు కనెక్టర్‌లోకి పోకుండా ఆ చుట్టు నుంచే కారిపోతాయి. కనెక్టర్ మీద సాగే రబ్బరు టేపు చుట్టండి. బిగించేటప్పుడు రిసీవర్ ప్లగ్గు తీసెయ్యండి, ఆ తీగలో 18 వోల్టులుంటాయి.

పాతకేబుల్ · మార్చి 9

తమ్ముడూ, మార్చి రెండో వారం వచ్చింది. అనంతపురం ఆయన చెప్పిన సూర్యుడు ఇప్పుడు నీకు చుట్టం. మీ ఊళ్లో 13వ తేదీ ప్రాంతంలో పొద్దున 11:20 దగ్గర్లో సూర్యుడు 93.5 వెనక్కి వస్తాడు, కొన్ని నిమిషాలు సిగ్నల్ పోతుంది. ఆ సమయానికి డిష్ దగ్గర నిలబడు. గురి కచ్చితంగా ఉంటే ఎల్‌ఎన్‌బీ నీడ సరిగ్గా నడిమధ్య పడాలి. ఏ మీటరూ అంత నిజం చెప్పదు.

గోదారిగట్టు · మార్చి 13

మెష్ మీద నీడ సరిగా కనబడదని నడుమ తెల్ల కాగితం టేపుతో అంటించి, పదకొండు నుంచి కూర్చున్నాను. 11:17కి క్వాలిటీ పడిపోవడం మొదలైంది. నీడ మెల్లగా జరుగుతూ వచ్చింది. సిగ్నల్ పూర్తిగా పోయిన క్షణంలో కాగితం మీద పెన్సిల్‌తో దాని చుట్టూ గీశాను. మధ్య బోల్టు నుంచి రెండు వేళ్లు తూర్పుకి ఉంది. ఎండ తగ్గాక క్లాంపు వదులు చేసి ఆ రెండు వేళ్లూ సరిచేస్తాను. రేపు 11:17కి మళ్లీ కొత్త కాగితం.