పెంపుడు కుక్క, పెరటి ఉడుత: చదవడం మొదలుపెట్టిన పిల్లలకు కథ ఎలా రాయాలి?

ప్రశ్న:
గుణింతాలు పూర్తిచేసి ఇప్పుడిప్పుడే వాక్యాలు కూడబలుక్కుంటున్న పిల్లల కోసం ఒక పెంపుడు కుక్క, పెరట్లో తిరిగే ఉడుత పాత్రలుగా చిన్న బొమ్మల కథ రాస్తున్నాను. కుక్క తరుముతుంది, ఉడుత చెట్టెక్కుతుంది, చివరకు రెండూ స్నేహితులై ఒకే పళ్లెంలో తింటాయి అన్నది నా ఊహ. అయితే ‘కుక్క’, ‘చెట్టు’, ‘కొమ్మ’ అనే మాటలు లేకుండా ఈ కథ నడిచేలా లేదు. వత్తులు ఇంకా పట్టుబడని పిల్లలకు ఇవి బరువవుతాయా? ముగింపుపై కూడా మీ అభిప్రాయం తెలుపగలరు.

మొదటి సమాధానం:
వత్తుల గురించి అంత బెంగ అవసరం లేదు. మీరు చెప్పిన మూడు మాటల్లోనూ ఉన్నవి ద్విత్వాలే. ఏ హల్లుకు ఆ హల్లు వత్తే వస్తుంది కాబట్టి, పక్కన బొమ్మ ఉంటే పిల్లలు వాటిని త్వరగానే గుర్తుపడతారు. వారిని నిజంగా ఆపేసేవి సంయుక్తాక్షరాలు, మీ ముగింపులోని ‘స్నేహితులు’ ఆ కోవలోదే. కుక్కకు రాజా అని పేరు పెడితే ఆ ఒక్క వత్తూ తప్పుతుంది. ఉడుతకైతే ఆ చిక్కే లేదు. ఉదాహరణకు: ‘రాజా చూసింది. ఉడుత తోక ఊపింది. రాజా ఉరికింది. ఉడుత పైకి పాకింది. రాజా కింద, ఉడుత పైన.’

రెండవ సమాధానం:
ముగింపు మార్చమనే నా సలహా. కుక్క ఉడుతను తరిమేది పగతో కాదు. చిన్న ప్రాణి చటుక్కున కదిలితే వెంటపడడం దాని సహజగుణం. ఉడుత కాండానికి అతుక్కుని కదలకుండా ఉండిపోతుంది, లేదా కుక్క ఎటు వస్తే దానికి అవతలి వైపుకు కాండం చుట్టూ జరిగిపోతుంది. వెనక పాదాలను వెనక్కి తిప్పగలదు కనుక తలకిందులుగా కూడా చెట్టు దిగుతుంది. ఇంత ఆట ఉండగా పళ్లెం ఎందుకు? ఆ బొమ్మ చూసిన పిల్లవాడు ఉడుతను పట్టి తన కుక్క ముందుకు తేబోతే, జీవితాంతం పెరుగుతూనే ఉండే ఆ పదునైన ముందు పళ్లతో ఉడుత కరుస్తుంది.

మూడవ సమాధానం:
పై మాటలతో ఏకీభవిస్తూనే, మొదటి సమాధానంలోని ఒక వాక్యాన్ని సరిచేయవలసి ఉంది. ఉడుత తోకను పదేపదే ఆడించేది సాధారణంగా అపాయాన్ని పసిగట్టినప్పుడు; దానితోపాటు గట్టిగా అరుస్తుంది కూడా. ‘ఊపింది’ అంటే పిల్లలకు సంతోషమే తోస్తుంది. ‘విదిలించింది’ అనండి, అందులోనూ వత్తు లేదు. కుక్క విషయంలోనూ తోక ఊపిన ప్రతిసారీ ఆనందమేనని అనుకోకూడదు. తోకను బిగించి నిలబెట్టి, చూపు మరల్చకుండా ఉందంటే అది పరుగుకు సిద్ధమవుతోంది. బొమ్మలు వేసేవారికి ఈ తేడా ముందే చెప్పకపోతే వాక్యం ఒకటి, బొమ్మ మరొకటి చెబుతాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పళ్లెం తీసేశాను. కుక్క పేరు రాజాగానే ఉంచి, ‘చెట్టు’ను మాత్రం బొమ్మతో సహా ప్రతి పుటలో వచ్చేలా పెడుతున్నాను, ఒక్క వత్తయినా నేర్చుకోవాలి కదా. చివరి పుటలో ఉడుత పైనుంచి ‘కిచకిచ’ అంటుంది, రాజా కిందనుంచి ‘భౌభౌ’ అంటుంది. ఆ రెండింటినీ పిల్లలు గొంతెత్తి చదువుకోవచ్చు.