మార్ట్యె పౌమెన్ పాత మ్యాచ్‌లు పూర్తిగా ఎక్కడ దొరుకుతాయి?

నెదర్లాండ్స్ మహిళల హాకీ ఫాలో అయ్యేవాళ్లు కాస్త సాయం చేయండి. మార్ట్యె పౌమెన్ డ్రాగ్ ఫ్లిక్‌లు (బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్ వైపు విసిరే షాట్లు) చూడాలి. 2008 బీజింగ్, 2012 లండన్ స్వర్ణాలు, 2014లో సొంతగడ్డ హేగ్‌లో ప్రపంచకప్. లండన్ ఫైనల్లో అర్జెంటీనాపై 2-0 గెలుపులో రెండో గోల్ ఆమెదే, అదీ పెనాల్టీ కార్నర్ (డిఫెండర్ల తప్పుకు దక్కే అవకాశం; గోల్ పక్క గీత నుంచి బంతిని లోపలికి నెడితే, ఒకరు ఆపి, ఇంకొకరు షాట్ కొడతారు) మీద. 2016 రియో ఫైనల్ మాత్రం బ్రిటన్‌తో షూటౌట్‌లో పోయింది (ఇప్పటికీ జీర్ణం కాదు!).

దొరికేవన్నీ గోల్స్ ముక్కలే. బంతిని లోపలికి నెట్టేవాళ్లు, ఆపేవాళ్లు, ఎదురుగా పరుగెత్తుకొచ్చే డిఫెండర్లు సరిగ్గా కనిపించరు. అసలు పని అక్కడే ఉందనిపిస్తోంది. గోల్ కాని కార్నర్లు కూడా కావాలి.

పూర్తి మ్యాచ్‌లు ఎక్కడున్నాయి? ముందు ఏది చూడమంటారు? బీజింగ్‌కీ రియోకీ మధ్య ఆమె ఫ్లిక్ కొట్టే తీరు మారిందా?