ఫిల్టర్ కాఫీలో చికోరీ ఉండాలా, వద్దా?

డికాక్షన్‌ప్రియ:
ఇద్దరికి సరిపడే స్టీలు ఫిల్టర్‌లో ఇప్పటిదాకా 70:30 పొడి వాడకం, అంటే నూటికి 70 పాళ్ళు కాఫీ, 30 పాళ్ళు చికోరీ. ఇకమీదట అరకు గింజలు కొని ఇంట్లోనే పొడి కొట్టుకుని, చికోరీ పూర్తిగా మానేద్దామని ఆలోచన. మానేస్తే డికాక్షన్ పల్చబడుతుందని కొందరు, చికోరీ కలిస్తే అది కాఫీయే కాదని కొందరు అంటున్నారు. పాలతో తాగేవాళ్ళకు ఏది మేలు? మిక్సీ సరిపోతుందా, మర కొనాల్సిందేనా?

మన్యంగింజ:
మానేయండి. చికోరీ ఒక మొక్క వేరు. ముక్కలు కోసి, ఎండబెట్టి, నల్లగా వేయించి పొడి కొడతారు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్ వైపు పండిస్తారు. అందులో కెఫీన్ లేదు, కాఫీ వాసన అసలే లేదు. రంగు, చేదు, కాస్త మాడిన బెల్లం రుచి, అంతే. డికాక్షన్ నల్లగా దిగింది కదా అని స్ట్రాంగ్ అనుకుంటాం. మిశ్రమంలో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గకూడదని మన ఆహార నిబంధన. అంటే 49 పాళ్ళ దాకా వేరు పొడి ఉండొచ్చు. ఎంత ఉందో ప్యాకెట్ మీద అచ్చువేసి తీరాలి. కొనేముందు ఆ చిన్న అక్షరాలు చదవండి.

ఇక అరకు గింజ. తూర్పు కనుమల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య పెరిగే అరబికా రకం కాఫీ అది. 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. కొడగు, చిక్‌మగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలకూ, వయనాడ్ రోబస్టాకూ (ఇది ఇంకో రకం కాఫీ) అదే ఏడాది దక్కింది. ఇంత మంచి గింజ చేతికొచ్చాక దానిలో వేరు కలపడం నాకు మింగుడుపడదు.

చిక్కటికాఫీ:
మన్యంగింజ గారూ, వేరు అన్నంత మాత్రాన తీసిపారేయకండి. కాఫీపొడిలో నీళ్ళలోకి దిగేది మూడో వంతు లోపే. చికోరీలో అంతకు రెట్టింపు కరుగుతుంది. మన కాఫీలో డికాక్షన్ 30 మి.లీ. అయితే పాలు 100 పైన. అదీ గేదెపాలు. లేతగా వేయించిన అరబికా డికాక్షన్ అందులో పోస్తే దాని సన్నటి పులుపు, పూలవాసన మీగడ కింద మునిగిపోతాయి. మిగిలేది రంగు మారిన పాలు. పాలను తట్టుకోవడానికి డికాక్షన్‌కు బరువు కావాలి, ఆ బరువు చికోరీ ఇస్తుంది. నా మాట 85:15. 30 దాటితే మాత్రం బెల్లప్పాకం మాడినట్టే ఉంటుంది, ఆ మాట ఒప్పుకుంటాను.

గింజలమర:
బరువే కావాలంటే అది రోబస్టా ఇస్తుంది, వేరు అక్కర్లేదు. కడిగి ఆరబెట్టిన రోబస్టాను మన వ్యాపారంలో పార్చ్‌మెంట్ అంటారు, పండుతోనే ఎండబెట్టినదాన్ని చెర్రీ అంటారు. చెర్రీలో మట్టిరుచి ఎక్కువ, కాబట్టి పార్చ్‌మెంట్ అడగండి. కడిగిన అరబికా పేరు ప్లాంటేషన్. 75 పాళ్ళు ప్లాంటేషన్ ఎ (ఎ అంటే గింజ సైజు గ్రేడు), 25 పాళ్ళు రోబస్టా పార్చ్‌మెంట్ కలిపి, మధ్యస్థం కన్నా కొంచెం ముదురుగా వేయించమంటే పాలతో దీటుగా నిలుస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, రోబస్టాలో కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు. సాయంత్రం కాఫీ తాగేవాళ్ళు రోబస్టా వాటా తగ్గించుకోవాలి.

పీబెర్రీకి ఎక్కువ ధర పెట్టాలా అని చాలామంది అడుగుతారు. పండులో రెండు బద్దలుండాల్సిన చోట ఒకటే గుండ్రటి గింజ ఉంటే అది పీబెర్రీ. సమంగా వేగుతుంది. ఆ మురిపెం ఉంటే కొనండి. వేయించిన తేదీ చూడటం అంతకన్నా ముఖ్యం. ప్యాక్ చేసిన తేదీ వేరు, వేయించిన తేదీ వేరు. వేయించిన 5 రోజుల నుంచి నెల లోపు వాడితే మంచిది. మొదటి రెండు మూడు రోజుల్లో గింజలో గ్యాస్ ఎక్కువగా ఉండి, నీళ్ళు పోయగానే పొడి పొంగి, నీళ్ళు సమంగా దిగవు.

ఇత్తడిఫిల్టర్:
చికోరీ మానేసినవాళ్ళకు పల్చగా ఎందుకు వస్తుందో ఎవరూ చెప్పలేదు. చికోరీ తడిస్తే ఉబ్బి బంకబంకగా అవుతుంది, నీళ్ళను ఆపుతుంది. అది తీసేసి అదే బరక పొడి వాడితే నీళ్ళు అయిదు నిమిషాల్లో జారిపోతాయి, సారం పొడిలోనే ఉండిపోతుంది. కాబట్టి చికోరీ మానేసిన రోజే పొడి ఒక మెట్టు సన్నం చేయాలి. బొంబాయి రవ్వకన్నా సన్నగా, వేళ్ళ మధ్య నలిపితే గరుకు తెలిసేలా ఉండాలి. మైదాలా ఉంటే రంధ్రాలు మూసుకుపోతాయి.

కొలత: 20 గ్రాముల పొడికి 100 మి.లీ. నీళ్ళు. తడిసిన పొడి తన బరువుకు రెండింతల నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది. కిందికి 60 మి.లీ. దిగుతుంది, ఇద్దరికి సరిపోతుంది. పొడి వేశాక పైగిన్నెను పక్కనుంచి రెండుసార్లు తట్టి సమం చేయండి. పొడి మీద పెట్టే చిల్లుల గొడుగుబిళ్ళను ఆనించండి చాలు, నొక్కొద్దు. నీళ్ళు తెర్లాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగండి. ముందు 30 మి.లీ. చుట్టూ తిప్పుతూ పోయండి. తాజా పొడి అయితే బిళ్ళ అంచున చిన్న బుడగలు లేస్తాయి. అవి అణగాక మిగతా నీళ్ళు పోసి మూత పెట్టండి. 12 నుంచి 20 నిమిషాల్లో దిగిపోవాలి.

దిగడం ఆగిపోతే వెంటనే చెంచాతో కెలకొద్దు. ముందు పైగిన్నెను కొంచెం ఎత్తి చూడండి. రెండు గిన్నెలూ మరీ బిగుతుగా కూర్చుంటే కింది గాలికి దారి లేక డికాక్షన్ ఆగుతుంది. ఎత్తగానే చుక్కలు మొదలైతే తప్పు పొడిది కాదు. అప్పటికీ కదలకపోతే రంధ్రాలు పూడినట్టు. స్టీలు పైగిన్నె అయితే మంట మీద పట్టుకుని లోపలి గసి కాల్చి, చల్లారాక బ్రష్‌తో కడగొచ్చు. కళాయి పూసిన ఇత్తడిని మాత్రం మంట మీద పెట్టకండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, కళాయి పోతుంది. దాన్ని నిమ్మఉప్పు వేసిన వేడినీళ్ళలో నానబెట్టి కడగాలి. ఇత్తడి వేడి నిలుపుతుంది, అది నిజం. కానీ కళాయి లేని ఇత్తడిలో డికాక్షన్ తీయొద్దు.

డికాక్షన్‌ప్రియ:
అందరికీ ధన్యవాదాలు. మిక్సీ సంగతి మిగిలింది. చికోరీ లేకుండా పుల్లగా వస్తే ఏం చేయాలో కూడా చెప్పండి.

గింజలమర:
మిక్సీ గింజను కోస్తుంది, నలపదు. ఒకే జార్‌లో సగం పిండి, సగం రవ్వ. పిండి చేదు దింపుతుంది, రవ్వ పులుపు దింపుతుంది, రెండూ ఒకే గ్లాసులో! తప్పదంటే చిన్న పొడి జార్‌లో 40 గ్రాములే వేసి, మూడేసి సెకన్లు తిప్పి, ఆపి, కుదిపి, మళ్ళీ తిప్పండి. ఆపకుండా తిప్పితే పొడి వేడెక్కి వాసన ఆవిరవుతుంది. టీ జల్లెడ పట్టి, పైన మిగిలిన రవ్వను మళ్ళీ వేయండి. ఆ జార్‌లో ధనియాలు, మిరపకాయలు కొట్టకూడదు. డబ్బు పెట్టగలిగితే పళ్ళచక్రాల చేతిమర కొనండి, 20 గ్రాములు రెండు మూడు నిమిషాల పని. ఫిల్టర్ మార్చే డబ్బు కూడా మరకే పెట్టండి.

పులుపుకు మందు: ముందు పొడి సన్నం చేయండి, తర్వాత నీళ్ళు ఇంకా వేడిగా పోయండి. రెండూ చేసినా పోకపోతే గింజ లేతగా వేగిందని అర్థం, ముదురుది తెచ్చుకోండి. బోరు నీళ్ళ ఇళ్ళలో పులుపు తెలియదు, ఆ నీళ్ళలోని క్షారం దాన్ని చంపేస్తుంది, వాసననూ చంపేస్తుంది. తాగే నీళ్ళే వాడండి.

మన్యంగింజ:
పాలు నిలవ ఉన్నవైతే ఆ పులుపుకు విరుగుతాయి కూడా. అప్పుడే కాచిన పాలు పోయండి. డికాక్షన్ చల్లారితే పొయ్యి మీద కాచకండి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి వెచ్చబెట్టండి.

చిక్కటికాఫీ:
ఇంత చేశాక కూడా గేదెపాలలో పల్చగా తోస్తే 20 గ్రాముల్లో 2 గ్రాములు విడి చికోరీ పొడి కలిపి చూడండి. కలిపిన ప్యాకెట్ వద్దు, విడిగా 100 గ్రాములు తెచ్చుకోండి. చికోరీ ఎంత కలపాలో మీ చేతిలోనే ఉంటుంది.

మన్యంగింజ:
నేనైతే ఆ 2 గ్రాములూ కాఫీయే వేస్తాను. నీళ్ళు 100 దాటించను.