విరమణ తరువాత థాయ్‌లాండ్‌లో స్థిరపడటం గురించి

ప్రశ్న: వచ్చే ఏడాది ఉద్యోగ విరమణ చేసి, మోకాళ్ల నొప్పులను పెంచే ఈ చలికి దూరంగా, థాయ్‌లాండ్‌లో చిన్న ఇల్లు కొనుక్కుని స్థిరపడాలని మా దంపతుల ఆలోచన. ముందుగా ఏమి చూసుకోవాలి?

మొదటి జవాబు: 50 ఏళ్లు నిండినవారికి విరమణ వీసా ఉంది, అందుకు అక్కడి బ్యాంకులో 8,00,000 బాత్ నిల్వ గాని, నెలకు 65,000 బాత్ ఆదాయం గాని చూపాలి. విదేశీయుల పేరిట సాధారణంగా భూమి రాదు కనుక, ఇల్లు అన్న మాట పక్కన పెట్టి కాండోమినియం ఫ్లాట్ చూడండి.

రెండో జవాబు: కొనడానికి తొందరెందుకండీ? వానాకాలంలో అద్దెకు ఉండి చూడండి. నేను వెళ్లిన రెండో నెలకే బీరువాలోని తోలు చెప్పులకు తెల్లగా బూజు పట్టింది.

మూడో జవాబు: ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్ నగరం వైపు మనసుంటే మార్చిలోనూ వెళ్లి రండి, పొలాలు, అడవులు తగలబడిన పొగతో ఎదుటి కొండే కనిపించదు.