సైన్యంలో ఉన్న బిడ్డ గురించి సంఘంలో గర్వంగా చెప్పుకోవచ్చా?

టెక్కలి తండ్రి:
అందరికీ వందనాలు. మా వాడు అగ్నివీరుడిగా శిక్షణ ముగించుకొని మొదటి సెలవుకు వచ్చాడు. ఆదివారం సాక్ష్యాల సమయంలో వాణ్ణి యూనిఫాంతో పక్కన నిలబెట్టుకొని దేవునికి స్తోత్రం చెప్పాను. ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచి, "ఉద్యోగం వచ్చిందని స్తుతించు, కాదనను. తుపాకీ పట్టాడని గర్వపడడం మాత్రం క్రీస్తు నేర్పింది కాదు" అన్నారు. బ్యాంకులో ఉద్యోగం వచ్చిన పిల్లవాడి తండ్రి అదే చోట మాట్లాడితే ఇదే పెద్దాయన గట్టిగా ఆమెన్ అన్నారు. మా వాడికి ఎందుకు వర్తించదు?

బొబ్బిలి యువజనుడు:
వందనాలండీ. మీకు కోపం వస్తుందేమో గాని, ఆ పెద్దాయన మాట కొట్టిపారేసేది కాదు. గెత్సేమనే తోటలో పేతురు కత్తి దూసింది ప్రభువును కాపాడడానికే. అయినా ప్రభువు దాన్ని ఒరలో పెట్టించాడు. క్రీ.శ. 295లో ఉత్తర ఆఫ్రికాలో మాక్సిమిలియన్ అనే యువకుడు, తాను క్రైస్తవుణ్ణి కాబట్టి సైన్యంలో చేరలేనని రోమా అధికారి ముందు తెగేసి చెప్పాడు. తల తీయించారు. అతని తండ్రి, ప్రభువుకు ఇలాంటి కానుకను పంపగలిగానని సంతోషంతో స్తుతిస్తూ ఇంటికి వెళ్లాడని ఆ విచారణ వృత్తాంతంలోనే ఉంది. అదీ తండ్రి గర్వమే కదా! మన తెలుగువాళ్లలో పాలమూరు వైపు మెన్నోనైట్ సంఘాలున్నాయి. యుద్ధానికి దూరంగా ఉండడం ఆ శాఖ పాత సిద్ధాంతం. ఇది ఎవరో నిన్న పుట్టించిన వాదన కాదు.

మాజీ హవల్దారు, ఆమదాలవలస:
తమ్ముడూ, మాక్సిమిలియన్ సంగతి సగమే చెప్పావు. అదే విచారణలో ఆ అధికారి, చక్రవర్తుల దగ్గరే క్రైస్తవ సైనికులు పనిచేస్తున్నారు కదా అని అడుగుతాడు. వాళ్లకేది తగునో వాళ్లకు తెలుసు, నేను మాత్రం చేయలేను అంటాడు మాక్సిమిలియన్. తాను మానుకున్నాడు గాని చేరినవాళ్లను తిట్టలేదు. లూకా 3లో సైనికులు బాప్తిస్మమిచ్చు యోహానును మేమేం చేయాలని అడిగితే కొలువు మానేయమన్నాడా? ఎవరినీ పీడించవద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. రోమా సైనికాధికారులైన శతాధిపతి, కొర్నేలి సంగతులు సండే స్కూలు పిల్లలకూ తెలుసు, వదిలేస్తున్నాను.

నేనెందుకు చేరానో చెబుతాను. మాది దళిత క్రైస్తవ కుటుంబం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులమైతే ఎస్సీ హోదా ఉండదు. రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్, అంతే. అన్ని దరఖాస్తుల్లోనూ ఆ కులపత్రం నన్ను వెంటాడింది. సిపాయి ఎంపికలో అసలు రిజర్వేషనే లేదు. 1.6 కిలోమీటర్లు ఎంత సేపట్లో పరుగెత్తావు, బీమ్ మీద ఎన్నిసార్లు పైకి లేచావు, ఇవే అడిగారు. మా నాన్న గర్వపడింది తుపాకీ చూసి కాదు. మా వీధిలోకి ఎన్నడూ రాని పెద్దమనిషి నన్ను కూర్చోమని కుర్చీ వేశాడు, అది చూసి.

విశ్వాసం సంగతి కూడా చెప్పాలి. సైన్యంలో పండిట్, గ్రంథి, మౌల్వీ ఉన్నట్టే పాద్రీని కూడా జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) హోదాలో తీసుకుంటారు. అందరికీ ఒకే చోటుగా సర్వధర్మ స్థలాలుంటాయి. అక్కడ ఒక మూల నిలబడి పరలోక ప్రార్థన చెప్పుకొనేవాణ్ణి. తెలుగు బైబిలు తడవకుండా పాలిథిన్ సంచిలో చుట్టి, ట్రంకు పెట్టెలో బూటు పాలిష్ డబ్బా పక్కన ఉంచేవాణ్ణి. అట్ట మీద ఆ నల్ల మరక ఇప్పటికీ ఉంది. (టెక్కలి అన్నయ్యా, సెలవులో యూనిఫాం ఎక్కడపడితే అక్కడ వేసుకోవద్దని మీ వాడికి చెప్పే ఉంటారు. ఈసారి మామూలు చొక్కాతో నిలబెట్టండి.)

రాజాం పాఠకురాలు:
హవల్దారు గారూ, మరి లెఫ్టినెంట్ శామ్యూల్ కమలేశన్ విషయం? సైన్యంలో 3వ కావల్రీ అనే రెజిమెంటు అధికారి. తన జవాన్లతో రెజిమెంటు గుడికి, గురుద్వారాకు వస్తాను గాని గర్భగుడిలోకి మాత్రం రాలేనన్నందుకు 2021లో సర్వీసు నుంచి తొలగించారు. 2025 మేలో ఢిల్లీ హైకోర్టు, నవంబరులో సుప్రీంకోర్టు ఆ తొలగింపును సమర్థించాయి. రేపు టెక్కలి బాబుకూ అదే ఎదురైతే?

మాజీ హవల్దారు, ఆమదాలవలస:
సిపాయిగా నన్నెవరూ బలవంతం చేయలేదమ్మా. ఆయన అధికారి, జవాన్ల ముందుండి నడిపించాల్సినవాడు. వాళ్ల నమ్మకానికి తాను ఎడంగా ఉన్నానన్న భావన రాకూడదన్నది సైన్యం వాదన. ఆ వాదనలో బలం ఉంది. ఉద్యోగమే తీసేయడం మాత్రం పెద్ద శిక్ష అనిపించింది నాకు.

చీపురుపల్లి అమ్మ:
బాబూ, కొడుకు తల తెగితే స్తుతిస్తూ ఇంటికి వెళ్లిన ఆ తండ్రి గురించి చదివాను. ఆ ఇంట్లో తల్లి ఉందో లేదో కూడా చూసి చెప్పు.

మా అబ్బాయి కూడా అగ్నివీరుడే. బుధవారం స్త్రీల సమాజంలో, "వాడి చేతుల మీదుగా ఎవరి ప్రాణమూ పోయే అవసరం రానివ్వకు ప్రభువా" అని ప్రార్థించాను. ప్రార్థన అవగానే ఒకావిడ, "అలా కాదమ్మా, శత్రువులను వాడి కాళ్ల కింద తొక్కించమని అడగాలి" అని సరిదిద్దింది. నలుగురూ తల ఊపారు. మీ పెద్దాయన గర్వం వద్దన్నాడు, మా దగ్గర నా భయమే తప్పయింది. నాకైతే మీ పెద్దాయనే నయం.

బొబ్బిలి యువజనుడు:
అమ్మా, నేను చెప్పలేకపోయింది మీ ప్రార్థనలో ఉంది. దావీదు అంతటివాడికే, యుద్ధాలు చేసి రక్తం ఒలికించావు, మందిరం నువ్వు కట్టవద్దు అని దేవుడు చెప్పాడు. మొదటి దినవృత్తాంతాలు 28లో ఉంది. జయమిచ్చిన దేవుడే ఆ మాట అన్నాడు. దీన్ని మన సంఘాల్లో సైనికుల గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ ఎత్తరు.

ఇచ్ఛాపురం వాసి:
వాక్యాలు సరే. నాలుగేళ్లయ్యాక బ్యాచిలో నూటికి ఇరవై ఐదుగురికి మించి ఉంచరు. మిగతావాళ్లకు సేవానిధి పేరుతో ఒకేసారి దాదాపు 11.71 లక్షలు ఇస్తారు, పింఛను ఉండదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు తిరిగొచ్చి సంఘంలో వెనక వరుసలో కూర్చుంటే అప్పుడు సాక్ష్యం ఎవరు చెబుతారు? గుజరాత్‌లోని వీరావల్ వెళ్లి పడవలెక్కే మన మత్స్యకారుల తల్లులూ మోకాళ్ల మీదే ఉంటారు. వాళ్లను మైకు దగ్గరకు ఎవరూ పిలవరు.

మాజీ హవల్దారు, ఆమదాలవలస:
ఇచ్ఛాపురం ఆయన అడిగింది న్యాయం. దానికి నా దగ్గర జవాబు లేదు.

తమ్ముడూ, దావీదు సంగతికి మాత్రం ఉంది. అదే గ్రంథం 22, 29 అధ్యాయాలు కూడా చదువు. కట్టవద్దన్న ఆ చేతులే కూడబెట్టిన వెండీ బంగారం మందిరానికే వెళ్లాయి. మా సంఘానికి స్లాబు వేసినప్పుడు నా జీతం కానుక లెక్కలో రాసుకున్నారు. అప్పుడు ఏ పెద్దా నన్ను పక్కకు పిలవలేదు.

అన్నయ్యా, మీ వాడికి పోస్టింగు రాగానే దగ్గర్లో చర్చి ఎక్కడుందో, పాద్రీ ఎవరో ముందే కనుక్కోమనండి. చీపురుపల్లి అమ్మగారూ, మీ అబ్బాయి పేరు కూడా చెప్పండి. రేపటి కూడికలో ఇద్దరి పేర్లూ విన్నపాల్లో రాయిస్తాను. ప్రార్థన మాత్రం మీరు చేసిన మాటలతోనే.