యెజ్డీ వెనక షాకప్‌లు: విప్పి బాగుచేయించాలా, కొత్త జత వేయాలా?

హిందూపురం యెజ్డీ
నాన్న 1979లో కొన్న యెజ్డీ రోడ్‌కింగ్ బైకు ఇప్పుడు నా దగ్గరుంది. నేనుండేది బెంగళూరు యలహంకలో. నెలకోసారి దొడ్డబళ్లాపుర, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వెళ్లొస్తుంటాను. నెల రోజులుగా ఎడమవైపు వెనక షాకప్ కారుతోంది. కింది గొట్టం చుట్టూ నూనె, దుమ్ము కలిసి నల్లటి పట్టీలా అంటుకుంది. గుంతలో పడితే వెనకభాగం మూడు నాలుగుసార్లు ఊగి గానీ ఆగడం లేదు.

మా వీధి మెకానిక్ "అరగంట పని, కొత్త జత వేసేద్దాం" అంటున్నాడు. జేసీ రోడ్డులో ఒక షాపులో చూడటానికి అలాగే ఉన్న జత దొరుకుతోంది. నాకేమో ఇవి మైసూరు ఫ్యాక్టరీ నుంచి బండితో వచ్చినవి, తీసేయడానికి మనసొప్పడం లేదు. ఆ ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, ఒకసారి పారేస్తే ఇక రావు. ఏం చేయమంటారు? ఎందుకో కూడా చెప్పండి.

రింగ్ రోడ్ రైడర్
కొత్తవి వేసేయండి. నాన్నగారి బండి మీద ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ వెనక మనిషిని కూర్చోబెట్టుకుని హైవే మీద వెళ్లే బండి ఇది. షాకప్ గొట్టంలోకి దిగి లేచే రాడ్డు నలభై ఏళ్లు దాటినది, నలభై ఏళ్లు దాటిన స్ప్రింగు. బ్రేక్ వేసినప్పుడు వెనక చక్రం నేలను పట్టుకుని ఉండాలంటే షాకప్ పని చేయాలి.

రెండేళ్ల కిందట నా జావా బైకు షాకప్‌లు ఇలాగే బాగుచేయించాను. ఒక వర్క్‌షాపులో నూనె బయటికి రాకుండా ఆపే సీళ్లు మార్చి, నూనె పోసి ఇచ్చారు. నాలుగు నెలలకు మళ్లీ కారాయి. రెండోసారి ఇచ్చాను, మళ్లీ అదే కథ. చివరికి కొత్త జత కొన్నాను, అంటే మూడుసార్లు డబ్బు పెట్టాను. మీరు ఆ దారిలో పోవద్దు.

పీణ్యా లేత్
ముప్పై ఏళ్లు బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యాలో లేత్ మీద, గ్రైండింగ్ మిషన్ మీద పనిచేశాను. రైడర్ గారికి జరిగింది నేను చాలాసార్లు చూశాను. అందులో తప్పు సీలుది కాదు, రాడ్డుది. రాడ్డు చూడకుండా సీలు మారిస్తే నాలుగు నెలలు ఆగడమే ఎక్కువ.

ఎందుకో చెప్తాను. సీలు పెదవి రబ్బరుది. అది రాడ్డును అంటిపెట్టుకుని ఉంటుంది. గుంత వచ్చిన ప్రతిసారీ రాడ్డు దాని మీదుగా జారుతుంది. రాడ్డు మీద తుప్పు గుంట ఒక్కటున్నా, దాని అంచు ఆకురాయిలా పెదవిని కోసుకుంటూ పోతుంది. అందుకే ముందు రాడ్డును శుభ్రంగా తుడిచి, బొటనవేలి గోరును పైనుంచి కిందకు మెల్లగా లాగి చూడాలి. ఎక్కడైనా గోరు తట్టుకుందా, ఆ రాడ్డుకు ఎంత ఖరీదైన సీలు వేసినా దండగే.

గుంటలు పడిన రాడ్డుకు రెండు దారులున్నాయి. ఒకటి, అరగదీసి, హార్డ్ క్రోమ్ ఎక్కించి, మళ్లీ గ్రైండింగ్‌లో పాత సైజుకు తేవడం. సైలెన్సర్‌కు వేసే మెరుపు క్రోమ్ దీనికి పనికిరాదు. అది ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపే ఉంటుంది. హార్డ్ క్రోమ్ 20 మైక్రాన్లు, ఆ పైన. ఇంకో సంగతి, క్రోమ్ తొట్టిలో గట్టి ఉక్కు హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసవుతుంది. తీసిన కొద్ది గంటల్లోనే 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఓవెన్‌లో ఉంచాలి. ఆ మాట ఎత్తితే అయోమయంగా చూసే షాపుకు రాడ్డు ఇవ్వకండి. రెండోది, నాకు నచ్చిన దారి: హైడ్రాలిక్ సిలిండర్ల కోసం గట్టిపరిచి, క్రోమ్ వేసి అమ్మే రాడ్డు ముక్క కొని, రెండు కొసలా మరలు కోసుకోవడం.

నూనె సంగతి. ఇంజన్ ఆయిల్ పోయకండి, నురుగు కడుతుంది. నురుగులో గాలి ఉంటుంది, గాలి రాడ్డు కొసనున్న పిస్టన్ రంధ్రాల్లోంచి ఇట్టే జారిపోతుంది, షాకప్ ఉన్నా లేనట్టే. ఫోర్క్ ఆయిల్ పోయండి. గొట్టం నిండా మాత్రం పోయకూడదు. రాడ్డు లోపలికి దిగితే దాని మేర చోటు కావాలి కదా, ఖాళీ లేకపోతే నూనె నొక్కుకుపోదు, సీలునే బయటికి తన్నేస్తుంది. రైడర్ గారి షాకప్‌లలో ఇదీ జరిగి ఉండొచ్చు.

స్ప్రింగు గురించి భయం వద్దు. ఉక్కు స్ప్రింగు వాడకంతో కాస్త పొట్టిదవుతుంది గానీ మెత్తబడదు. పొట్టిదైనంత మేర కింద వాషరు వేస్తే సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. స్ప్రింగును నొక్కిపట్టే క్లాంపు లేకుండా షాకప్ విప్పొద్దు. పై కప్పు వచ్చి మొహానికి కొడుతుంది. గ్యాస్ నింపిన కొత్త రకమైతే అసలు తెరవనే కూడదు.

కోలార్ జావా
కొత్త జత అనేవాళ్లు ముందు టేపు పట్టుకోండి. పై కన్ను (షాకప్‌ను బండికి బిగించే రంధ్రం) మధ్య నుంచి కింది కన్ను మధ్యకు పొడవు కొలవండి. నేను చూడటానికి అలాగే ఉన్నాయని వేస్తే 12 మిల్లీమీటర్లు పొడవు తేలాయి. బండి వెనక లేచింది, హ్యాండిల్ చురుకైపోయి నేరుగా నిలవలేదు. సెంటర్ స్టాండ్ వేసినా వెనక చక్రం నేలకు తగులుతూనే ఉంది. హెడ్‌లైట్ కిందకు చూడటం మొదలుపెట్టింది. వారంలో తీసేశాను.

రింగ్ రోడ్ రైడర్
కోలార్ గారూ, అది కొలవకుండా కొన్న తప్పు, కొత్త జత తప్పు కాదు.

పీణ్యా గారూ, మీరు చెప్పింది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అయినా స్ప్రింగు విషయంలో ఒప్పుకోను. మెత్తబడదు అన్నారు, తుప్పు పట్టకపోతేనే కదా? స్ప్రింగు బలం తీగ మందానికి నాలుగో ఘాతంలో మారుతుంది. 7 మిల్లీమీటర్ల తీగ తుప్పుకు 6.5 అయితే బలంలో పావు వంతు పోయినట్టే. పైగా తుప్పు గుంట దగ్గరే పగులు మొదలవుతుంది. ఇంకో ప్రశ్న. రాడ్డు గట్టిదనం చూసి, ఓవెన్‌లో పెట్టి, కొలిచి చేసేవాళ్లు ఊళ్లో ఎంతమంది? మీలాంటివారు తోడుంటే సరే. లేనివాళ్లకు మీ సలహా ఎలా పనికొస్తుంది?

పీణ్యా లేత్
తుప్పు మాట నిజం, నేను చెప్పాల్సింది. స్ప్రింగు రంగు గీకి, వెర్నియర్‌తో మూడు నాలుగు చోట్ల కొలవాలి. గుంటలు పడి ఉంటే అది కూడా మార్చాలి, అందులో మొండితనం పనికిరాదు. ఇక తోడు సంగతి. హిందూపురం తమ్ముడూ, ఆదివారం షాకప్‌లు తీసి పట్టుకురా. క్లాంపు నా దగ్గరుంది.

హిందూపురం యెజ్డీ
నిన్న వెళ్లొచ్చాను. అంతా రాసి పెడుతున్నాను, ఇంకొకరికి పనికొస్తుంది.

స్ప్రింగులు తీసి గాజు పలక మీద పక్కపక్కన నిలబెట్టాం. ఎడమది 4 మిల్లీమీటర్లు పొట్టి. తీగ మందం రెండింటికీ ఒకేలా ఉంది, గుంటలు లేవు. స్ప్రింగు లేకుండా రాడ్లు చేత్తో లాగి చూపించారు పీణ్యా అన్న. కుడిది లోపలికి తేలిగ్గా దిగి, పైకి వచ్చేటప్పుడు తేనెలోంచి చెంచా లాగినట్టు బరువుగా వచ్చింది. అలాగే రావాలట. ఎడమది సగం దాకా ఏ పట్టూ లేకుండా వచ్చి, ఆ తర్వాత కొంచెం పట్టింది.

గొంతు నట్టు విప్పి ఎడమ గొట్టాన్ని ఒంచితే రెండు చెంచాల నూనె కూడా రాలేదు. వచ్చింది బొగ్గు నీళ్లలా ఉంది, అడుగున సన్నటి లోహపు పొడి. రాడ్డు తుడిచాక నా గోరుతో నేనే లాగాను. పైనుంచి రెండు అంగుళాల దగ్గర టక్కుమని తట్టుకుంది. వెలుతురుకు తిప్పి చూస్తే ఆవగింజలో సగం ఉండే మూడు గుంటలు. బండి ఎక్కువ రోజులు నిలబడి ఉన్నప్పుడు సీలు పైన తేమ ఆగేది అక్కడేనట. నాన్న పోయాక మూడేళ్లు బండి వర్షంలో అలాగే ఉంది. ఆ మూడేళ్లు ఆ గుంటల్లో కనిపించాయి నాకు.

కుడి రాడ్డు నున్నగా ఉంది. కన్నుల్లో రబ్బరు బుష్‌లు నాలుగూ పగిలాయి, ఒకటి చేతిలోనే పొడైంది.

ఇప్పుడు సందేహం: ఎడమది ఒక్కటే చేయిస్తే చాలా?

కోలార్ జావా
కుడి రాడ్డు బాగుంటే దాన్ని కదపొద్దు. సీలు, నూనె, బుష్‌లు రెండువైపులా మార్చు. నూనె రెండింటిలో కొలిచి సమానంగా పోయాలి, లేకపోతే ఒకవైపు గట్టిగా, ఒకవైపు మెత్తగా పట్టి, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మెలిపడుతుంది.

రింగ్ రోడ్ రైడర్
ఎడమ గొట్టం అడుగున లోహపు పొడి ఉందన్నారు. అది రాడ్డు నుంచి వచ్చిందా, పిస్టన్ నుంచా, గొట్టం గోడ నుంచా? గోడ అరిగితే కొత్త రాడ్డు వేసినా నూనె పిస్టన్ పక్కనుంచి జారుతుంది. అది కొలవకుండా రాడ్డుకు డబ్బు పెట్టకండి. నా మాటైతే ఇప్పటికీ కొత్త జతే. పాతవి ఇంట్లో గుడ్డలో చుట్టి దాచుకోండి, ఎవరూ పారేయమనడం లేదు.

పీణ్యా లేత్
మంచి ప్రశ్న. సోమవారం బోర్ గేజ్‌తో గొట్టం లోపలి వ్యాసం పైన, మధ్యన, కింద కొలుస్తాను. మధ్యలో పైకన్నా పెద్దగా వస్తే రైడర్ గారి మాటే చెల్లుతుంది, నేనే తమ్ముడితో జేసీ రోడ్డుకు వెళ్లి పొడవు కొలిచి కొత్త జత ఇప్పిస్తాను.

హిందూపురం యెజ్డీ
కొలత వచ్చింది. పైన, మధ్యన, కింద ఒకేలా ఉంది. అరిగింది పిస్టన్ మీద రింగు, పొడి దానిదే. రింగు, ఎడమ రాడ్డు కొత్తవి చేయిస్తున్నాం. సీళ్లు, బుష్‌లు రెండువైపులా కొత్తవి. ఎడమ స్ప్రింగు కింద 4 మిల్లీమీటర్ల వాషరు. పది రోజులు బండి సెంటర్ స్టాండ్ మీదే. అమ్మకు ఫోన్ చేసి ఈ నెల బస్సులో వస్తానని చెప్పాను.

రింగ్ రోడ్ రైడర్
వెయ్యి కిలోమీటర్లు తిరిగాక రాడ్లను తెల్ల కాగితంతో తుడిచి ఫోటో పెట్టండి. మరక లేకపోతే నా పాత జత కూడా అటకమీంచి దించి పీణ్యాకు తెస్తాను.