'సంఘం షాట్': ఈ మాటను మన పదకోశంలో ఎలా ఎక్కించాలి?

సభ్యులందరికీ నమస్కారం.

జర్నలిజం విద్యార్థుల కోసం మనం కూర్చుకుంటున్న పదకోశంలో ఇప్పుడు కెమెరా పనికి సంబంధించిన మాటల వంతు వచ్చింది. 'ఐ లెవెల్ షాట్' అనే దానికి నేత్రస్థాయి చిత్రణ, దృష్టిమట్టం, కంటి ఎత్తు చిత్రం అని మూడు ప్రతిపాదనలు ఇదివరకే వచ్చాయి. నేను నాలుగో మాటను మీ ముందు ఉంచుతున్నాను. అది నేను కల్పించినది కాదు. జహీరాబాద్ ప్రాంతపు పల్లెల్లో కెమెరా పట్టిన మహిళలు తమ పనిలో పుట్టించుకున్న మాట 'సంఘం షాట్'.

ఈ మాట పుట్టుక తెలియనివారి కోసం కొంత వివరంగా చెబుతాను. జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, చుట్టుపక్కల ఊళ్ళలో పేద రైతు మహిళల సంఘాలను ఏర్పరచింది. వాటిలో ఎక్కువమంది దళిత మహిళలు. తొంభయ్యవ దశకం చివరి సంవత్సరాల్లో ఆ సంఘాల నుంచి కొందరు వీడియో చిత్రీకరణ నేర్చుకున్నారు. వారిలో చాలామందికి చదవడం, రాయడం రాదు. ఆ శిక్షణలో వారు కెమెరా కోణాలకు తమ అనుభవం నుంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే చిత్రం పటేల్ షాట్. కింది నుంచి పైకి చూసే చిత్రం బానిస చూపు. ఈ రెండో పేరు ఇంగ్లీషు రచనల్లో అదే అర్థంతో నమోదై ఉంది. ఎదురెదురుగా, ఒకే ఎత్తులో చూసే చిత్రం సంఘం షాట్.

పటేల్ అంటే ఇక్కడ ఇంటిపేరు కాదు. నిజాం కాలం నుంచి తెలంగాణ గ్రామాల్లో శిస్తు వసూలు చూసే మాలీ పటేల్, శాంతిభద్రతలు చూసే పోలీస్ పటేల్, లెక్కలు రాసే పట్వారీ ఊరి అధికారమంతటినీ చేతిలో పెట్టుకున్నవారు. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో ఆ పదవులు రద్దయ్యాయి గాని, అరుగు మీద కూర్చున్న పటేల్ వాకిట్లో నిలబడ్డ కూలిని చూసే చూపు ఆ కాగితంతోపాటు రద్దు కాలేదు. 'నీ బాంచన్ దొరా, కాల్మొక్త' అనే మాటలో తల ఎటు వంగి ఉంటుందో, కళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికి చూస్తాయో తెలంగాణలో పుట్టిన ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. సంఘంలో మాత్రం అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు.

ఇప్పుడు పాఠ్యపుస్తకం చెప్పేదాన్ని దీని పక్కన పెట్టి చూడండి. కింది నుంచి తీస్తే మనిషి ఘనంగా, పైనుంచి తీస్తే చిన్నగా కనిపిస్తాడని సినిమా పాఠాలన్నీ చెబుతాయి. అందులో ఉన్నదంతా తెరమీది మనిషి గురించే. కెమెరా వెనుక ఎవరూ లేనట్టు, అది గాలిలో తేలుతున్న కన్నయినట్టు ఆ వాక్యాలు సాగుతాయి. జహీరాబాద్ మహిళలు పెట్టిన పేర్లు చూస్తున్నవారెవరో చెబుతాయి. తెర మీద ఎవరు ఎలా కనిపించారన్నదాని కంటే, చూసిన కన్ను పటేలుదా, బానిసదా, సంఘందా అన్నది వారికి ముఖ్యం. కెమెరాకు ఒక మనిషిని, ఆ మనిషికి ఊళ్ళో ఒక స్థానాన్ని ఇచ్చిన పేర్లివి. మాధ్యమ నీతి గురించి నేను చదివిన పేజీలలో ఇంత తక్కువ అక్షరాల్లో ఇంత చెప్పినవి నాకు కనబడలేదు.

నేను డిగ్రీ విద్యార్థులకు పత్రికా రచన బోధిస్తాను. ఏటా ఒక జట్టును ఏదో ఒక ఊరికి తీసుకువెళ్ళి, అక్కడివారితో కొన్ని రోజులు ఉండి కథనాలు తయారు చేయించడం మా పాఠంలో భాగం. 'సంఘం షాట్' గురించి తరగతిలో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పి, మూడేళ్ళ కిందట ఒక ఊరికి వెళ్ళాము. ఒక వృద్ధురాలు ఇంటిముందు నేల మీద కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. మా విద్యార్థి ట్రైపాడ్ నిలబెట్టి, అద్దం తన కంటికి సరిగ్గా ఉన్నదని చూసుకుని, 'సార్, ఐ లెవెలే' అన్నాడు. అతని కంటికి అది నిజమే. ఐదడుగుల ఎత్తు నుంచి అతను అడుగుతూ ఉంటే ఆమె మెడ ఎత్తి జవాబు చెబుతూ, కొంతసేపటికి చాట పక్కన పెట్టి, కాలితో పీటను అతని వైపు జరిపి, 'మెడ గుంజుతున్నది బిడ్డా, గిట్ల కూసోరాదు' అన్నది. అతను కూర్చున్నాడు. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా కుదించినా ఇంకా ఎత్తే అయింది కనుక, కెమెరాను తన మోకాలి మీద పెట్టుకున్నాడు. అప్పటిదాకా ఒక్కో మాటగా వచ్చిన జవాబులు ఆ తరువాత కథలుగా వచ్చాయి.

అందుకే 'కంటి ఎత్తు' అన్న ప్రతిపాదన నాకు చాలదనిపిస్తుంది. ఎవరి కంటి ఎత్తు అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. నేత్రస్థాయి అన్నా అంతే. సంఘం అన్నప్పుడు మాత్రం నువ్వు కూడా వెళ్ళి ఆ చాప మీద కూర్చోవాలన్న అర్థం మాటలోనే ఉన్నది.

ఇదే సందర్భంలో మన పదకోశంలోని మరి రెండు మూడు మాటలను కూడా తిరిగి చూడమని కోరుతున్నాను. 'ఫీల్డ్ విజిట్'కు 'క్షేత్ర పర్యటన' అని ఇచ్చాము. పర్యటన మంత్రులు, కలెక్టర్లు చేసేది. పొద్దున వచ్చి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిపోయేది. విద్యార్థికి ఆ మాట ఇస్తే ఆ నడకే వస్తుంది. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తరువాత, నేను పైన చెప్పిన జహీరాబాద్ మహిళలు వరంగల్ జిల్లాకు వెళ్ళి, విత్తనం వేసిన నాటి నుంచి పత్తి ఏరేదాకా చిన్న రైతుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తూ, ఒక్క పంటతో ఆపకుండా మూడు సంవత్సరాలు చిత్రీకరించారు. తామే రైతులు కనుక, ఏ నెలలో ఏమి అడగాలో వారికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. దానిని పర్యటన అనలేము. 'ఊరికి పోయి ఉండటం' అన్న మామూలు మాట నాకు నచ్చుతుంది గాని, పదకోశానికి అది పొడుగవుతుందేమో మీరే చెప్పాలి.

'ఇంటర్వ్యూ'కు మనం ఇచ్చిన 'ముఖాముఖి'తో నాకు పేచీ లేదు. అయితే తెలంగాణలో 'ముచ్చట పెట్టుకోవడం' అనే మాట ఉన్నది. కోస్తా జిల్లాలవారికి ముచ్చట అంటే ముద్దు, సరదా అని తోస్తుంది గాని, ఇక్కడ అది ఇద్దరూ మాట్లాడుకోవడం. ముచ్చటలో ఒకరు అడిగేవారు, ఒకరు చెప్పేవారు అన్న విభజన ఉండదు. ఆ వృద్ధురాలు మా విద్యార్థిని, 'మీ అమ్మ ఏం జేస్తది, మీకు భూమి ఉన్నదా' అని అడిగింది. అతను తడబడి నా వైపు చూశాడు. జవాబు చెప్పమన్నాను.

ఊకొట్టడం సంగతి కూడా చెప్పాలి. ధ్వని శుభ్రంగా రావాలంటే అడిగేవారు నోరు మెదపకుండా తల మాత్రమే ఊపాలని మేము నేర్పుతాము. రికార్డింగ్ గదిలో అది సరైన పాఠమే. ఊళ్ళో అది పనిచేయలేదు. 'ఊ' అనేవారు లేకపోతే మన భాషలో కథ ముందుకు సాగదు. పిల్లలకు కథ చెప్పే అమ్మమ్మ అయినా 'ఊకొట్టకపోతే చెప్పను' అంటుంది. బుర్రకథలో వంతలు ఉన్నది కూడా అందుకే. తల ఊపుతూ కూర్చున్న మా విద్యార్థిని చూసి, ఆ తల్లి రెండుసార్లు 'ఇంటున్నవా?' అని ఆగిపోయింది. చివరికి 'ఊ'లన్నీ రికార్డులో అలాగే ఉండనిచ్చాము. వాటిని కత్తిరించకూడదని ఇప్పుడు నేను విద్యార్థులకు చెబుతాను, ఎందుకంటే ఆమె ఎవరికి చెబుతున్నదో ఆ 'ఊ'లలోనే ఉన్నది.

నా ప్రశ్నలు రెండు. 'సంఘం షాట్'ను ప్రధాన పదంగా పెట్టవచ్చునా? పెడితే, అక్కడివారి నోట వినిపించే 'సంగం' అని రాయాలా, 'సంఘం' అని రాయాలా?

వ్యాఖ్య: సంస్కృతం బోధించే సభ్యులు

మాస్టారూ, రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. 'సంఘం' సమ్ అనే ఉపసర్గ చేరిన హన్ ధాతువు నుంచి వచ్చింది. గుంపు అనే అర్థంలో ఈ రూపాన్ని సాధించడానికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. 'సంగమం' గమ్ ధాతువు నుంచి, తగులుకొనడం అనే అర్థం గల 'సంగము' సంజ్ ధాతువు నుంచి వచ్చినవి. మూడింటికి మూడు మూలాలు. నోటిలో ఒత్తు పోవడం తెలుగునాట అంతటా ఉన్నదే, దానిని తప్పు పట్టను. రాతలో మాత్రం 'సంగం' అంటే చదివేవారు నదులు కలిసే చోటు అనుకుంటారు. ఒత్తు ఉంచండి.

మొదటి ప్రశ్న విషయంలో నాకు ఒక సందేహం ఉన్నది. సంస్కృత పదానికి ఇంగ్లీషు పదం అతికిస్తే వైరిసమాసం కాదా? మన పదకోశం పీఠికలో అలాంటివి సాధ్యమైనంతవరకు తప్పిస్తామని రాసుకున్నాము.

వ్యాఖ్య: జహీరాబాద్ ప్రాంతపు సభ్యురాలు

వైరిసమాసం గురించి అడిగిన గురువుగారికి నా మనవి ఇది. 'రైలుబండి' అన్నప్పుడు మనలో ఎవరికీ అభ్యంతరం రాలేదు. మాది కర్ణాటక సరిహద్దు, బీదరు దగ్గర. ఒక వాక్యంలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసిపోయే చోట 'సంఘం' పక్కన 'షాట్' ఎవరి చెవికీ గుచ్చుకోదు. ఇక ఒత్తు విషయానికి వస్తే, మేము పలికేది 'సంగం' అనే. కాని 2008 అక్టోబరు 15న మాచనూరులో మొదలైన రేడియో పేరును 'సంఘం రేడియో' అనే రాస్తారు గనుక, ఆ మహిళలు తమ రేడియోకు ఉంచుకున్న అక్షరాన్నే వారి మాటకూ ఉంచడం న్యాయం.

మాస్టారు చెప్పినదానికి ఒకటి చేర్చాలి. తెలంగాణలో 'సంఘం' అనే మాటకు ఈ మహిళల కంటే ముందు కూడా ఒక చరిత్ర ఉన్నది. 1940లలో ఆంధ్ర మహాసభను పల్లె జనం 'సంఘం' అనే పిలిచారు. 'ఊళ్ళె సంగం వెట్టిండ్రు' అంటే దొర ముందు తలవంచడం ఆగిందని అర్థం. పటేల్ షాట్‌కు ఎదురుగా సంఘం షాట్ అన్న పేరు పుట్టడం వెనుక ఆ జ్ఞాపకం కూడా ఉన్నదని నేను అనుకుంటాను.

అయితే నన్ను కలవరపెట్టే విషయం వేరే ఉన్నది. మనం ఈ మాటను పదకోశంలోకి తీసుకుని, పక్కన 'సమాన ఎత్తు నుంచి తీసిన చిత్రం' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, రేపు ప్రతి స్టూడియోలో దానిని వాడతారు. అది ఎవరి మాటో ఎవరికీ తెలియదు. మా వైపు ఊళ్ళకు వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్ళినవారు ఎందరో ఉన్నారు, తిరిగి వచ్చి చూపించినవారు తక్కువ. మాట విషయంలో కూడా అలాగే జరగకూడదు. పటేల్ షాట్ పక్కన లేకుండా సంఘం షాట్‌కు అర్థమే లేదు. రెండూ కలిపి, చెప్పినవారి ఊరుతో సహా రాయండి.

జవాబు: మొదటి టపా రాసిన సభ్యుడు

అమ్మా, మీరు చెప్పినది పూర్తిగా అంగీకరిస్తున్నాను. అది నాకు ముందే తట్టవలసినది. 'తీయడం' అన్న క్రియతోనే మనకు చిక్కు ఉన్నది. ఫోటో తీస్తాము, కాపీ తీస్తాము, బావిలో నీళ్ళు తీసినట్టే మనుషుల నుంచి మాటలు కూడా తీస్తాము.

మొదటి ఏడాది జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పడం అవసరం. మేము అచ్చు వేయించిన సమ్మతి పత్రాలు పట్టుకుని వెళ్ళాము. 'నా పూర్తి అంగీకారంతో' అని మొదలై సగం పేజీ ఒకే వాక్యంగా సాగే పత్రం అది. వేలిముద్ర వేయమంటే ఒక తల్లి చేతిని కొంగులోకి తీసుకుని, 'ఇది భూమి కాయితమా బిడ్డా?' అని అడిగింది. పట్వారీ కాగితం మీద, షావుకారు కాగితం మీద వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్నవారి ఇళ్ళు ఆ వాడలో ఉన్నాయని మాకు తరువాత తెలిసింది. నీతి కోసం మేము తెచ్చిన కాగితమే ఆమెకు భయమైంది. అప్పటి నుంచి తీసినదంతా ఆ సాయంత్రమే వారి వాకిట్లో వేసి చూపించి, ఉంచమన్నది ఉంచి, వద్దన్నది వారి ఎదుటే తుడిచివేసి, ఆ మాటలను వారి గొంతులోనే రికార్డు చేసుకుంటున్నాము. 'సమ్మతి' అన్న పదం పక్కన మన పదకోశంలో 'చూపించి అడగడం' అని కూడా చేర్చాలని నా కోరిక.

గురువుగారూ, ఒత్తు ఉంచుతున్నాను. పీఠికలోని వాక్యాన్ని 'జనం నోట స్థిరపడిన మాటలకు ఈ నియమం వర్తించదు' అని సవరించడానికి మీ అనుమతి కోరుతున్నాను.

పదకోశానికి నా చిత్తుప్రతి ఇది:

సంఘం షాట్: చిత్రించేవారు, చిత్రంలో ఉన్నవారు ఒకే ఎత్తులో కూర్చుని, ఒకరినొకరు ఎదురుగా చూసుకుంటూ ఉండగా తీసినది. ఎత్తును నిర్ణయించేది చిత్రంలో ఉన్నవారి కళ్ళు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు వీడియో పనిలో పెట్టుకున్న పేరు. వారే పైనుంచి చూసేదానిని పటేల్ షాట్ అన్నారు. ఆ పదం కూడా చూడండి. ఉచ్చారణ: సంగం షాట్.

జహీరాబాద్ సభ్యురాలికి ఒక మనవి. ఈ ఐదు వాక్యాలను మీరు అటు వెళ్ళినప్పుడు సంఘంలో ఒకసారి పైకి చదివి వినిపించండి. వారు మార్చమన్నది మార్చిన తరువాతే అచ్చుకు పంపుతాను. అప్పటిదాకా ఆ పేజీని ఖాళీగా ఉంచుతాను.